కండక్టరుగారి నాలుగవ దండయాత్ర

ఆలకింపుడు! గోడగడియారము పది గొట్టిన శుభవేళ, ఫినాయిలు పరిమళభరితమును, ట్యూబులైటు కాంతిసంశోభితమును అగు మానసిక వైద్యురాలి క్లినిక్కున, ముప్పది నాలుగేండ్లు బస్సు కండక్టరై జనసముద్రమును ఈలతో శాసించి, ఏనాడో రిటైరై, ఈ ఎనిమిది మాసములుగా దిగులను నిరాకార శత్రువు ముట్టడిలో జిక్కి, అన్నము సహింపక, తెల్లవారుటయే బరువైపోయిన డెబ్బది రెండేండ్ల పెద్దాయన నాలుగవ పర్యాయము కాలు మోపెను.

అప్పటికే ఆ ధీరుడు దాటిన కోటలు సామాన్యములా? వీధి చివరి డాక్టరు "ఈ వయసులో మామూలేనండీ" అను దివ్యాస్త్రమును ప్రయోగించి, బలము మాత్రలిచ్చి పంపెను. "దిగులేంటి నాన్నా! పార్కులో నాలుగు రౌండ్లు కొట్టు, అదే పోతుంది" అని కొడుకు శంఖము పూరించెను. "పిచ్చి డాక్టరు దగ్గరికా? నలుగురికీ తెలిస్తే?" అని తమ్ముడు గుమ్మమున కడ్డము నిలిచెను. ఇందరిని గెలిచిన వీరుడు ఓడినది తన అలవాటు చేతిలోనే! జనమంతయు ఎక్కిన పిదపగాని తానెక్కని కండక్టరు గదా! మూడు పర్యాయములును "మీరు వెళ్లండమ్మా, నాకేం తొందర" అనుచు వెనుకనున్న వారినెల్ల డాక్టరు గదిలోని కెక్కించి, వేళ మించి తలుపునకు తాళము పడగా, చేతి నంబరు చీటీతో ఇంటిముఖము పట్టెను. నవ్వులాటగనే యుండును గాని, ఆ మూడు దినములును ఆయన గోడవైపు తిరిగి పండుకొని పలుకలేదు. భార్యకు నిజముగనే భయము వేసెను.

అందుచే నేడామెయు వెంట వచ్చెను.

"తొమ్మిదో నంబరు!" అని నర్సు కేకవేసెను. వీరుడు లేచెను. లేచి, ప్రక్కన ఆవులించుచున్న కళ్లజోడు మనిషివైపు చేయి చాచి, "ముందు మీరు..." అనబోయెను.

అంతట ఆ సాధ్వి చేతిసంచి గదవలె నెత్తి సింహనాదము చేసెను: "ఏవండీ! ఇది మీ బస్సు కాదు. ఇక్కడ మీరు ప్యాసింజరు. ఎక్కండి!"

వీరుడు డాక్టరు గదిలోని కెక్కెను.

"చెప్పండి, ఏంటి ఇబ్బంది?" అని డాక్టరమ్మ అడిగెను.

"మోకాళ్లమ్మా..." అని ఆయన పాత డాలు అడ్డము పెట్టెను.

"మోకాళ్లు సరే. మనసెలా ఉంది?"

ఎనిమిది మాసములలో ఈ ప్రశ్న వేసినవారు లేరు. పెద్దాయన ఆ డాలు దించెను. "బాలేదమ్మా. పొద్దున్నే లేవాలనిపించట్లేదు. ఎందుకు లేవాలో కూడా తెలీట్లేదు."

డాక్టరమ్మ కలము ప్రక్కన బెట్టి, కుర్చీ దగ్గరకు లాగుకొనెను. ఆయన చెప్పసాగెను. ఎంతసేపో చెప్పెను. ఓపిక నశించిన కళ్లజోడు మనిషి తలుపు తోసి తొంగిచూడగా, మన వీరుడు తల త్రిప్పి, జన్మమున నెన్నడును అనని మాట అనెను:

"కాస్త ఆగండి బాబూ. నాదింకా అవలేదు."

జయము! జయము! దశదిశలారా, వినుడు! కండక్టరుసార్వభౌముడు ఒక ప్లాస్టికు కుర్చీని నలుబది నిముషములు, ఎవ్వరికిని విడువక, ఏకచ్ఛత్రముగా నేలెను.