గ్యారెట్ వాకిట్లో గుమ్మడికాయ

బెంచీ మీద కూర్చునే ఆటగాడి తండ్రి దేవుణ్ణి ఏమని అడగాలి? ఈ సందేహం నరసింహని మూడేళ్ళుగా వేధిస్తోంది. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఆయన ఇంజనీరు. స్నానం చేసి, దీపం పెట్టి, అష్టోత్తరం చదువుకుంటే గానీ కాఫీ ముట్టడు. కొడుకు ఈషాన్ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి అందుకుని, దాన్ని ఎవరికి విసరాలో క్షణంలో తేల్చేవాడు. చిక్కల్లా, మైదానంలో ఆ పని చేసేవాడు ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడూ గ్యారెట్. గ్యారెట్‌కి ఏమైనా అయితే తప్ప బ్యాకప్ అయిన ఈషాన్‌కి పని లేదు. మా వాణ్ణి ఆడించు స్వామీ అంటే పరాయి పిల్లవాడి కాలు విరగ్గొట్టమన్నట్టే కదా. అందుకని ఇన్నాళ్ళూ అందరినీ చల్లగా చూడమని దణ్ణం పెట్టి ఊరుకునేవాడు.

మొన్న శుక్రవారం మాత్రం నోరు జారాడు. "ఒక్క ఛాన్స్, స్వామీ" అన్నాడు. ఆ సాయంత్రమే గ్యారెట్ చీలమండ మెలిపడింది. ఇద్దరు చెరో భుజం పట్టుకుని ఆ పిల్లవాణ్ణి బయటికి నడిపించారు. స్టాండులో కూర్చున్న నరసింహకి ఆ ఇద్దరూ తన వైపే చూస్తున్నట్టనిపించింది.

రెండు రోజులు అన్నం సయించలేదు. సోమవారం తెల్లవారుతూనే ఒక నిర్ణయానికి వచ్చాడు. ఆఫీసుకి వెళ్తూ వెళ్తూ గ్యారెట్ వాకిట్లో గుమ్మడికాయ కొట్టి దిష్టి తీసేస్తే సరి. అయిదు నిమిషాల పని. గుడి పంతులుగారిని ఫోన్‌లో అడిగితే, దిష్టి తగిలినవాళ్ళ గుమ్మం ముందే కొట్టాలి, కొట్టాక వెనక్కి చూడకూడదు, ముక్కలు ముట్టకూడదు అన్నారు.

భార్య వసుమతికి ఇది నచ్చలేదు. "పళ్ళు పట్టుకెళ్ళి పరామర్శించి రాకూడదుటండీ? అయినా దిష్టికి బూడిద గుమ్మడికాయ కావాలి. ఇండియన్ స్టోర్ పదింటికి గానీ తియ్యడు."

నరసింహ తమ గుమ్మం ముందు హాలోవీన్‌ పండక్కని పెట్టిన నారింజరంగు గుమ్మడికాయని చంకనెత్తుకున్నాడు. "అమెరికా దిష్టికి అమెరికా గుమ్మడికాయ చాలు" అన్నాడు.

బయట ఎముకలు కొరికే చలి. మంకీ క్యాప్ కళ్ళ దాకా లాక్కున్నాడు. గ్యారెట్ ఇంటి ముందు షూస్ విప్పి నిలబడి, కాయకి పసుపూ కుంకుమా దట్టంగా పట్టించి, మీద కర్పూరం వెలిగించి, గుమ్మం వైపు తిరిగి మూడుసార్లు తిప్పి, పిల్లవాడు త్వరగా కోలుకోవాలని మనసారా కోరుకుని, ఎత్తి నేలకేసి కొట్టాడు. కాయ నాలుగు చెక్కలైంది. వెనక్కి చూడకుండా కారెక్కాడు. చూసుంటే తలుపు పక్కన ఉన్న కెమెరా కనబడేది.

మధ్యాహ్నానికల్లా ఆ వీడియో ఊళ్ళో ప్రతి ఫోన్‌లోకీ చేరింది. ముసుగు మనిషి, చేతిలో మంట, వాకిలంతా ఎరుపు. వచ్చే శుక్రవారం ఆడబోయే పక్క ఊరి జట్టు జెర్సీ రంగు కూడా ఎరుపే. ఇంకేముంది, మా పిల్లవాడు పడిపోయాడని వేడుక చేసుకుంటున్నారు, మళ్ళీ వస్తే ఇలాగే చితక్కొడతామని బెదిరిస్తున్నారు అని ఊరంతా భగ్గుమంది. ప్రిన్సిపాల్ తల్లిదండ్రులందరికీ ఈమెయిల్ పంపింది. అందులో 'విధ్వంస చర్య' అనే మాట రెండుసార్లు ఉంది.

"విధ్వంసమా?" నరసింహ లాప్‌టాప్ మూసేశాడు. "హారతిచ్చి, దణ్ణం పెట్టి కొడితే విధ్వంసమా? వీళ్ళు పండగ పేరు చెప్పి కళ్ళూ ముక్కూ కోసి, లోపల దీపం పెట్టి, కుళ్ళేదాకా గుమ్మంలో ఉంచితే అది కళ. మనం శుభ్రంగా ఒక్క దెబ్బ కొడితే విధ్వంసం."

"వెళ్ళి ఆ మాటే చెప్పండి మరి" అంది వసుమతి.

చెబుదామనే మంగళవారం సాయంత్రం తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళాడు. గ్యారెట్ ఇంటికి ఎవరు కాపలా కాస్తారని కోచ్ డాసన్ అడుగుతుండగా ఒకాయన లేచి, అది ఏదో క్షుద్రపూజలా ఉందన్నాడు. నరసింహకి ఒళ్ళు మండిపోయింది. చివ్వున లేచి నిలబడ్డాడు. నోరు తెరిచేలోపే కోచ్ చప్పట్లు కొట్టి, కాపలాకి మొట్టమొదట ముందుకొచ్చిన తండ్రి ఈయనేనని ప్రకటించాడు. అందరూ భుజం తట్టారు. ఎవరో ఒక టార్చిలైటు చేతిలో పెట్టారు. ఇక బుధవారం పొద్దున్నే నరసింహ అదే మంకీ క్యాప్ పెట్టుకుని, తనని తాను పట్టుకోవడానికి గ్యారెట్ వీధిలో గస్తీ తిరిగాడు.

ఇంతలో స్టార్టర్‌గా, అంటే గ్యారెట్ బదులు ఆట మొదటినుంచీ, ఎవరిని ఆడించాలన్న గొడవ మొదలైంది. కోచ్ ముందు ఇద్దరున్నారు. మూడేళ్ళుగా ఆటలోని ప్రతి ఎత్తుగడా కంఠతా పట్టిన ఈషాన్ ఒకడు, పదో తరగతి చదివే మేసన్ ఇంకొకడు. మేసన్‌కి ఎత్తుగడలు రావుగానీ బంతి మైదానం చివరికంటా విసరగలడు. కోచ్ మేసన్ వైపే మొగ్గుతున్నాడని విని నరసింహ మళ్ళీ మండిపడ్డాడు. చదివినవాణ్ణి బయట నిలబెట్టి, బలంగా విసిరేవాడికి పరీక్ష రాయిస్తారా అని డిన్నర్ దగ్గర అరగంట ఉపన్యసించాడు. ఈషాన్ ప్లేటులోంచి తలెత్తలేదు.

గురువారం పొద్దున తెలిసింది. మేసన్ రోషం పట్టలేక, స్నేహితులతో వెళ్ళి పక్క ఊరి స్కూల్ గేటు ముందు బండెడు కుళ్ళిన గుమ్మడికాయలు కుమ్మరించి వచ్చాడట. అక్కడా కెమెరా ఉంది. కోచ్ వాణ్ణి ఒక ఆటకి సస్పెండ్ చేశాడు. ఇక మిగిలింది ఈషాన్ ఒక్కడే.

నరసింహకి కాలు నిలవలేదు. నోవైలో ఉన్న తమ్ముడికీ, గుడి కమిటీ వాళ్ళకీ ఫోన్లు చేశాడు. రేపు మావాడు స్టార్టర్, రండి రండి అన్నాడు. వసుమతి పాయసానికి పాలు పెట్టింది. స్కూల్ నుంచి వచ్చిన ఈషాన్ బ్యాగు కూడా దించకుండా తండ్రి ఎదురుగా నిలబడ్డాడు.

"డాడీ, ఆ వీడియోలో నువ్వే."

"ముఖం కనబడలేదుగా?"

"కొట్టేముందు షూస్ విప్పావు. ఈ కోల్డ్‌లో ఎవరు విప్తారు?"

నరసింహ తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఈషాన్ బ్యాగు దించి కింద పెట్టాడు. "నాకు ఆడాలనుంది డాడీ. త్రీ ఇయర్స్ వెయిట్ చేశాను. కానీ మేసన్ ఇంట్లో ఉంటే, అటు స్కూల్ వాళ్ళని అందరూ తిడుతుంటే, నేను ఎట్లా ఆడాలి? నువ్వు చెప్పకపోతే నేనే చెప్తాను."

"నేను చేసింది మంచిపనిరా. ఆ పిల్లవాడి కోసం చేశాను" అన్నాడు నరసింహ కోపంగా. కోపం ఎవరిమీదో ఆయనకే తెలియలేదు. "అర్థమయ్యేట్టు ఎలా చెప్పను?"

"చెప్పు. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పు" అన్నాడు కొడుకు.

ముగ్గురూ గ్యారెట్ ఇంటికి బయల్దేరబోతుంటే వసుమతి వంటింటి పై అరలోంచి ఒక గాజు గిన్నె దింపింది. రెండేళ్ళ కిందట ఆమెకి ఆపరేషన్ అయినప్పుడు, గ్యారెట్ తల్లి డయాన్ అందులో పాస్తా వండి పంపింది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. ఏం వేసి ఇస్తే వాళ్ళు తింటారో తేలక అది అలాగే ఉండిపోయింది. ఇప్పుడు వసుమతి అందులో పాయసం పోసి మూత పెట్టింది.

డయాన్ ఇంట్లో కోచ్ డాసన్ కూడా ఉన్నాడు. వాళ్ళు కూర్చోమన్నా నరసింహ కూర్చోలేదు. ప్రార్థన, నోరు జారడం, చీలమండ, గుమ్మడికాయ, ఒకటొకటిగా అన్నీ చెప్పాడు. ఇది తిట్టు కాదనీ, చెడుచూపు పోవాలని చేసే పని అనీ, పక్క ఊరి పిల్లల తప్పేమీ లేదనీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ గొంతు హెచ్చింది. చివరికి, మా ఊళ్ళో అయితే ఈ పాటికి నాకు కాఫీ ఇచ్చేవారు అని కూడా అనేశాడు.

డయాన్ ఆయన్ని మంకీ క్యాప్ నుంచి కాళ్ళ దాకా చూసింది. తర్వాత ఆమెకి నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుంటూ మేడవైపు కేకేసింది. గ్యారెట్ మెట్లన్నీ గబగబా దిగివచ్చాడు. కుంటడం లేదు.

వాడి కాలు మంగళవారానికే బాగైందట. ఆడవచ్చని డాక్టరు కూడా చెప్పాడట. నిప్పు పట్టుకుని తిరిగే ఆ పిచ్చివాడెవడో తేలేదాకా కొడుకుని గడప దాటనివ్వనని, కోచ్ వచ్చి బతిమాలుతున్నా వినకుండా డయానే పట్టుబట్టింది. అది మీరేనని తెలిసిపోయింది గనక రేపు నిశ్చింతగా పంపుతానంది. కోచ్ లేచి నరసింహ చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు, జట్టుని కాపాడారని.

నరసింహ ఈషాన్ వైపు చూడలేకపోయాడు. ఈషాన్ మాత్రం గ్యారెట్ భుజం మీద చెయ్యి వేసి, పక్క ఊరి వాళ్ళ ఎడమవైపు డిఫెన్స్ బలహీనమనీ, బంతి అటు విసరమనీ చెబుతున్నాడు. వసుమతి గిన్నె మూత తీసి డయాన్ చేతికిచ్చింది. డయాన్ ఒక చెంచా తిని, మరో చెంచా తిని, తన గిన్నెని గుర్తుపట్టి కొంచెం ఆశ్చర్యపోయింది.

అలా నరసింహ దంపతులు ఆ ఇంటివాళ్ళకి గిన్నెనీ, క్వార్టర్‌బ్యాక్‌నీ ఒకే సాయంత్రం తిరిగి ఇచ్చేశారు.