వంద గజాల అవతల

ఆ ఉదయం నాగప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. గద్వాలకు పోయి, ట్రాక్టర్ వెనక తగిలించి కంప కొట్టే మిషన్ ఒకటి ఎంచుకుని, మధ్యాహ్నం బువ్వ వేళకు మల్దకల్ దగ్గరి తన పల్లెకు తిరిగి రావాలి. పదేళ్లుగా బీడుపడి సర్కారు తుమ్మ కంప మనిషెత్తు పెరిగిన అతని రెండెకరాలకు ఈసారి కాలువ నీళ్లు వస్తున్నాయి. వారంలోగా కంప తీసి పల్లీ వేస్తే అతనూ, భార్య జములమ్మా ఇంటిపట్టున ఉంటారు. లేదంటే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ బొంబాయి బస్సులో వాళ్లకు రెండు సీట్లు ఆపి ఉంచాడు. ట్రాక్టర్ ఇస్తానన్న బామ్మర్ది రాములు, "మిషన్ మాత్రం నువ్వే సూడు బావా. మంచిదైనా నీదే, చెడ్డదైనా నీదే" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాగప్పకు అన్నం సయించడం లేదు.

నాగప్ప భయస్తుడు. కుక్కర్ కూత వేస్తే వాకిట్లోకి వచ్చి నిలబడే మనిషి. అలాంటివాణ్ణి గిర్రున తిరిగే కత్తులను ఎంచుకోమని పంపడం రాములు చేసిన తప్పే.

దుకాణంలో సుదర్శన్ అనే అతను రెండు మిషన్లు చూపించాడు. "గీ సన్నది గడ్డికి పనికొస్తదన్నా. తేలికుంటది. కంపకైతే గా పెద్దదే. మణికట్టు లావు కొమ్మైనా నరుకుతది. రాయి తగిలినా కత్తులు మడుసుకుంటయ్, ఇరగవు."

"రాయా?" నాగప్ప మిషన్ దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. "మరి రాయి ఏమైతది?"

"లేస్తది. తుపాకి గుండు లెక్క పోతది. వంద గజాల్ల ఎవ్వరు ఉండొద్దు."

ఆ తర్వాత గేర్‌బాక్స్ గురించి, హార్స్‌పవర్ గురించి సుదర్శన్ చెప్పిందేదీ నాగప్ప చెవికెక్కలేదు. ఎటూ తేల్చుకోలేక, "నా పొలంల కొట్టి సూపియ్యి తమ్మీ. ముందుగాల పెద్దది, ఎనకసిరి సన్నది" అన్నాడు.

"రేపు ఎనిమిదింటికి కాలువ గట్టు మీదికెల్లి వస్త. మనుషులను మాత్రం జర దూరం పెట్టన్నా."

ఊళ్లో దిగిన నాగప్ప ఇంటికి పోలేదు. నేరుగా పంచాయతీలో పన్నులూ చాటింపులూ చూసే కారోబారు నాగేశ్ దగ్గరికి పోయి మైకులో చెప్పించాడు. "రేపు పొద్దుగాల ఎనిమిదింటికి నాగప్ప పొలం సుట్టు వంద గజాల్ల ఎవ్వరుండొద్దు. పసులను గూడ కొట్టుకపోవాలె. రాళ్లు లేస్తయ్!"

ఆ బండనేలలో ఇలాంటి మాటలు మైకులో వినిపించేది ఒకే ఒక్క పనికి. బావిలో బండకు తూట్లు పొడిచి, మందు కూరి, తోటాలు పేల్చేటప్పుడు. నాగేశ్ మిషన్ సంగతి చెప్పలేదు, ఎందుకంటే నాగప్ప అతనికి ఆ సంగతే చెప్పలేదు. భయంలో నాగప్పకు రాళ్లొక్కటే గుర్తున్నాయి.

పక్క పొలం రాజుకు రెండు పొలాల నడిమి గట్టు మీదే బోరు ఉంది. తోటా పేలితే బోరు కూలిపోతుందని అతని గుండె జారింది. వెంటనే పోలీసులకు ఫోన్ చేశాడు.

మర్నాడు పొలం చేరిన నాగప్పకు ఊరు ఊరంతా రోడ్డు మీద వరుసగా నిలబడి కనిపించింది. బర్రెలు, మేకలు, చంకలో పిల్లలు, అందరూ వంద గజాల అవతలే. తన మాటకు ఇంత విలువుందా అని కాసేపు మురిసిపోయాడు. అంతలో పోలీసు జీపు వచ్చి ఆగింది.

"తోటాలు ఏడ పెట్టినవ్ రా?" ఎస్సై కేక వేశాడు.

నాగప్పకు తోటాలేమిటో అర్థం కాలేదు, జైలు మాత్రం అర్థమైంది. పాములుంటాయని పదేళ్లుగా కాలు పెట్టని కంపలోకి ఒక్క ఉదుటున దూరిపోయాడు.

"అయ్యో, ముట్టియ్యనీకె పోయిండు!" అన్నాడు రాజు.

ఎస్సై జములమ్మ వైపు తిరిగాడు. "లోపల ఏం చేస్తుండమ్మా నీ మొగడు?"

"నాకేం తెల్వదు సార్. మిషన్ వస్తదన్నడు."

"కంప్రెషర్ సార్. బండకు తూట్లు పొడిచే మిషన్" అని రాజు విడమరిచి చెప్పాడు. ఎస్సై ఇంకో పది గజాలు వెనక్కి జరిగి, "నాగప్పా! చేతులు పైకెత్తి బయటికి రా!" అని అరిచాడు.

కంపలో నాగప్ప గొంతుక్కూర్చున్నాడు. ఒళ్లంతా ముళ్లు. మోకాలి పక్కన ఏదో పాము విడిచిన కుబుసం. బయట పోలీసులు, లోపల పాము, ఏది మేలో ఆలోచిస్తుండగా కాలువ వైపు నుంచి ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. షోరూమ్ ట్రాక్టర్‌తో గట్టు దిగిన సుదర్శన్ మనుషులెవరూ లేని పొలాన్నీ, దూరంగా నిలబడ్డ జనాన్నీ చూసి ఎంతో సంతోషించాడు. తన నౌకరీలో చెప్పిన మాట విన్న రైతు ఇతనొక్కడే. నాగప్ప కూడా ఆ జనంలోనే ఉండి చూస్తున్నాడనుకుని పెద్ద మిషన్‌ను కంపలోకి దించాడు.

నాగప్ప వెనక కంప పెటపెటమని విరిగిపడింది. అతని జన్మలో భయాలన్నీ ఒక్కటై వచ్చి వెన్నుకు తగిలినట్టనిపించింది. "ఆపు తమ్మీ!" అని అరిచాడు. ఇంజిన్ మోతలో అది అతనికే వినిపించలేదు. ఎటు తిరిగితే ట్రాక్టర్ అటే వస్తోంది. చావే వస్తోందని ఖాయం చేసుకుని, ఎస్సై చెప్పినట్టే చేతులు రెండూ పైకెత్తి, తువ్వాల ముళ్లకు వదిలేసి రోడ్డు వైపు పరుగు తీశాడు.

ఆ ప్రాంతంలో పొలంలోంచి మనిషి అలా పరుగెత్తుకొస్తే ఒత్తి ముట్టించాడనే అర్థం. "పండుకోండ్రి!" అంటూ ఊరంతా బోర్లా పడింది. అందరికంటే ముందు పడింది ఎస్సై. సరిగ్గా అప్పుడే కత్తికి బండ తగిలి ఢామ్మని మోగింది.

నాగప్ప వచ్చి ఎస్సై పక్కనే కూలబడ్డాడు. "ఎన్నున్నయ్ రా?" మట్టిలోంచే అడిగాడు ఎస్సై.

"రెండు సార్... ఇది పెద్దది... సన్నది ఇంక రాలే..." అని నాగప్ప సొమ్మసిల్లిపోయాడు.

రెండోది మోగేదాకా తల ఎత్తకూడదు. ఆ పద్ధతి ఊళ్లో అందరికీ తెలుసు. అవతల మోత ఆగకపోయేసరికి కంప్రెషర్ ఇంకా తూట్లు పొడుస్తోందనుకున్నారు. ఎండ వీపుల మీదికి ఎక్కింది. బర్రెలు మాత్రం నిలబడి నెమరు వేస్తున్నాయి.

పదింటికి ఇంజిన్ ఆగింది. సుదర్శన్ ఏదో కాగితం పట్టుకుని నడిచి వచ్చాడు. అతని వెనక రెండెకరాలు నున్నగా కనిపిస్తున్నాయి. గుంత లేదు, పొగ లేదు. రాజు బోరు చెక్కుచెదరలేదు.

ఎస్సై లేచి చొక్కా దులుపుకున్నాడు. "కేసు రాయమంటరా సార్?" కానిస్టేబుల్ మెల్లగా అడిగాడు.

"రాస్తే నేను ఏడ పండుకున్ననో గూడ రాయాలె. బండెక్కు."

జములమ్మ మొహం మీద నీళ్లు చల్లితే నాగప్ప కళ్లు తెరిచాడు. పొలం చూశాడు. కంప లేదు. బొంబాయి బస్సూ లేదు. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"సూపియ్యనీకె పావెకరం కొడ్తే సాలన్నా" అన్నాడు సుదర్శన్. "ఎవరన్న ఆపుతరేమో అని సూసిన. ఎవ్వరు రాలే. ఇంతకు ఏది తీసుకుంటవ్, పెద్దదా, సన్నదా?"

"ఇగ కొట్టనీకె ఏమున్నదయ్యా?" అంది జములమ్మ.

సుదర్శన్ పొలం వైపు తిరిగి చూశాడు. కొట్టడానికి ఒక్క కొమ్మా మిగల్లేదు. తర్వాత నిట్టూర్చి, కనీసం షోరూమ్ కాగితమైనా నింపమన్నాడు. 'రైతు మిషన్ పనితీరును స్వయంగా పరిశీలించారా?' అని ఉందందులో.

నాగప్ప 'అవును, మిషన్ ముందు నుంచి' అని రాశాడు.