ఎల్లారావు లారీ, గురునాథం టోపీ

"ఈ విశాఖపట్నంలో నేరగాళ్లు ఇంకా సుఖంగా నిద్రపోతున్నారంటే, నా సంగతి వాళ్లకింకా తెలియకే," అని గురునాథరావు ప్రకటించాడు. ఆ ప్రకటన రోజూ వినే దౌర్భాగ్యుణ్ణి నేను, శ్రీరామ్మూర్తిని. వన్ టౌన్‌లో ఒకే గదిలో ఇద్దరం అద్దెకుండేవాళ్లం.

స్టీల్ ప్లాంటు ఇంకా పునాదుల్లో ఉన్న రోజులవి. మావాడు పగలు ఒక షిప్పింగ్ ఆఫీసులో టైపు కొట్టేవాడు, తక్కిన వేళల్లో డిటెక్టివ్. అద్దె పుస్తకాల షాపులో ఉన్న అపరాధ పరిశోధనలన్నీ నమిలేశాక, మండుటెండలో కూడా రెయిన్‌కోటు, నల్లటోపీ వేసుకు తిరగడం మొదలెట్టాడు. అప్పటిదాకా అతను ఛేదించిన కేసు ఒక్కటే, పోయిన నా చెప్పులు. అవి అతని కాళ్లకే దొరికాయి.

అలాంటివాడి దగ్గరికి జాలరిపేట ఎల్లారావు వచ్చాడంటే ఎంత విసిగిపోయి ఉంటాడో మీరే ఊహించుకోండి. ఎల్లారావు చిన్నప్పుడు మాతో బళ్లో చదివాడు. ఒడ్డుకొచ్చిన చేపల్ని ఐసు ఫ్యాక్టరీకి చేరవేద్దామని వన్ టౌన్‌లో పాత ఇనప సామాన్ల వ్యాపారి సన్యాసిరాజు దగ్గర ఒక ముసలి లారీ కొన్నాడు. అది హుషారుగా బయల్దేరుతుంది, సరిగ్గా సన్యాసిరాజు కొట్టు ముందుకొచ్చి, దగ్గి, ఆగిపోతుంది. ఎంత తన్నుకున్నా లేవదు. టీ తాగి కాసేపు కూర్చుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ లేస్తుంది. మెకానిక్కులు ఫిల్టర్లు మార్చారు, పంపు విప్పి కడిగారు. ఈలోగా చేపలు కంపు కొట్టేవి. రేపు కూడా ఆగితే సరుకు వేరే లారీకెక్కిస్తామని పడవల వాళ్లు తెగేసి చెప్పేశారట.

"లారీ పోతే నాను మల్లీ ఏటకే ఎల్లాల బావా. మాయమ్మ బతకదు," అన్నాడు ఎల్లారావు.

వాళ్ల నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. కొడుకైనా నేలమీద బతకాలని తల్లి ముసలమ్మే పట్టుబట్టి ఆ లారీ కొనిపించింది.

గురునాథం కళ్లు మాత్రం మెరిశాయి. అమ్మేదాకా నడిచిన బండి అమ్మాకే ఆగిందంటే దీని వెనక అదృశ్య హస్తం ఉందన్నాడు. పైగా లారీ ఆగేసరికి సన్యాసిరాజు టీ గ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉంటాడని విని కుర్చీలోంచి లేచిపోయాడు. ఆగబోతోందని ముందే తెలియనివాడు టీ ఎలా పెట్టిస్తాడు? రోజూ ఆగుతోంది కాబట్టి పెట్టిస్తున్నాడేమో అన్నాను. నాలాంటి అమాయకుల వల్లే నేరాలు పెరుగుతున్నాయన్నాడు.

మర్నాడు పొద్దున్నే జాలరిపేట చేరాం. ముసలమ్మ పడవకి చేసినట్టే లారీకి పసుపు రాసి, బొట్టు పెట్టి అవతలికెళ్లింది. బుట్టలెక్కిస్తుండగా మా డిటెక్టివ్, డీజిల్లో విషం కలిసిందేమో పరీక్షిస్తానని ట్యాంకు మూత తీసి, ముక్కు లోపలికంటా పెట్టి పీల్చి, ఒళ్లంతా కదిలేలా తుమ్మాడు. మూత చేతిలోంచి ఎగిరి ఎటో పోయింది. ఇసకంతా తవ్వాం, బుట్టల కింద వెతికాం, దొరకలేదు. ఇంతలో ఎల్లారావు ఇంజను స్టార్టు చేసేశాడు.

"ఓలమ్మో, మూత పోనాది, ఏటి సేద్దాం?" అన్నాడు గురునాథం. భయమేస్తేగాని వాడికి సొంత భాష రాదు. ఎల్లారావుతో చెప్పెయ్యమన్నాను. చెప్పకుండా, తన టోపీ తీసి ట్యాంకు నోట్లో కుక్కి, గబగబా క్యాబిన్ ఎక్కాడు.

కొట్టు దగ్గర పడుతుంటే ఎల్లారావు పెదవులు కదులుతున్నాయి, ఏ దేవతకి మొక్కుకుంటున్నాడో. అలవాటు ప్రకారం సన్యాసిరాజు టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గురునాథం తలుపు తీసుకుని మెట్టు మీద నిలబడ్డాడు. లారీ ఆగుతుందన్న గట్టి నమ్మకంతో, "నీ ఆట కట్టింది సన్యాసిరాజూ" అంటూ దూకాడు.

లారీ ఆగలేదు. వెనక తుక్కు డబ్బాలు దొర్లిన మోత వినిపించింది. ఆపితే మళ్లీ లేవదేమోనని ఎల్లారావు స్నేహితుడి కోసం కూడా యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు. ఐసు ఫ్యాక్టరీలో చేపలు తాజాగా దిగేదాకా చెంపల మీద నీళ్లు తుడుచుకోకుండానే నడిపాడు.

తిరుగు దారిలో నేరస్థుడు మా డిటెక్టివ్ మోకాలికి అయొడిను రాస్తూ కనిపించాడు. ఎల్లారావు కోసం పెట్టిన టీని డిటెక్టివ్ తాగుతున్నాడు.

"ఏటి ఎల్లారావూ, నీకోసం టీ ఎట్టిత్తే సూడకుండా ఎల్లిపోనావ్," అని సన్యాసిరాజు నొచ్చుకున్నాడు.

జాలరిపేటలో ముసలమ్మ, ఎక్కడ దొరికిందో, ట్యాంకు మూత చేత్తో పట్టుకుని మాకోసమే కాచుకుని ఉంది.

"ఇది తీసిందెవుడు? దీనికి సిల్లుంటే కొన్నరోజే గుగ్గిలం ఎట్టి మూసినాను. పడవకి సిల్లుంటే ఒగ్గేత్తామేటి?" అని, మూత కొడుకు చేతిలో పెట్టి, "మీ అయ్య పడవకి సిల్లు సూసినోలు లేకపోనారు గదరా," అంది.

ఎల్లారావు ఆ మూతని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. కిరసనాయిలు డబ్బాకి గాలి దూరే రెండో చిల్లు పెట్టకపోతే నూనె దిగదన్న సంగతి వాడికే తట్టింది. మూత బిగుసుకుపోయి, కొంతదూరం పోయాక డీజిలు దిగడం మానేసేది. టీ తాగేలోగా ఏ సందునుంచో కాస్త గాలి దూరేది. ఇవాళ టోపీ గుడ్డలోంచి దారి పొడుగునా గాలాడింది. అంతే కథ.

"లారీ మునగదే అమ్మా," అన్నాడు మెల్లగా, ఆవిడ చెయ్యి పట్టుకుని.

ముసలమ్మ నవ్విందో ఏడ్చిందో తెలీలేదు. గురునాథం మాత్రం గొంతు సవరించుకుని, రహస్యం తనకి మొదటినుంచీ తెలుసనీ, అందుకే పథకం ప్రకారం తుమ్మాననీ చెప్పాడు.

గుగ్గిలం తీసేసి, చిల్లున్న మూత మళ్లీ పెట్టడానికి ముసలమ్మ చస్తే ఒప్పుకోలేదు. కొడుకుని ఒడ్డున నిలబెట్టింది టోపీ కాబట్టి టోపీయే ఉండాలంది. అలా ఆ నల్లటోపీ ట్యాంకు నోట్లోనే ఉండిపోయింది. శుక్రవారం శుక్రవారం దానికి పసుపూ బొట్టూ పెట్టేవారు. లారీ మా వీధిన వెళ్లినప్పుడల్లా గురునాథం కిటికీలోంచి చూసి, ఎండకి కాలిన నెత్తి తడుముకుని, నా చెవిలో రహస్యంగా చెప్పేవాడు.

"నా టోపీ మారువేషంలో డ్యూటీ చేస్తోంది మూర్తీ."