మా ఆవిడ గిటారుకు నేను బిగించిన తీగలు

ఎలక్ట్రిక్ గిటారు తీగల్లో ఇన్ని రకాలు ఉండటం మానవజాతికి జరిగిన మహోపకారం! ఈ మాట నేను ఆషామాషీగా అనటం లేదు. మూడు నెలలు సొంతంగా పరిశోధించి, రెండు వేళ్ళకు కట్లు కట్టించుకుని మరీ అంటున్నాను.

నాకు గిటారు వాయించటం రాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. వంట రానివాళ్ళు వంటల మీద తీర్పులు చెప్పటం లేదా? బంతి పట్టుకోవటం రానివాళ్ళు ఆటగాళ్ళకు పాఠాలు చెప్పటం లేదా? వాయించటం వచ్చినవాళ్ళు వాయిస్తూ కూర్చుంటారు. ఇక తీగల గురించి లోతుగా ఆలోచించే తీరిక వాళ్ళకెక్కడిది?

వాయించాలని ముచ్చటపడింది మా ఆవిడ. ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణంలో కంటి పరీక్షలు చేస్తుంది. రోజంతా చీకటి గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ ముక్కు మీద అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగటం ఆవిడ ఉద్యోగం. అలాంటి మనిషి నలభై ఆరేళ్ళ వయసులో ఓ సాయంత్రం భుజాన నల్లటి సంచీతో ఇల్లు చేరింది. సంచీలో ఎవరో వాడి అమ్మేసిన ఎర్రటి ఎలక్ట్రిక్ గిటారు. చేతిలో చెప్పుల పెట్టె అంత యాంప్లిఫయర్.

"మా దుకాణంలో అద్దాలు అరగదీసే పెద్దాయన మూడు నెలల్లో రిటైరవుతున్నాడండీ. ఆయన వీడ్కోలు రోజున ఒక్క పాట వాయిస్తానని మాటిచ్చాను" అంది.

"నువ్వా?" అన్నాను.

"నేనే. పనిలో చేరిన కొత్తలో నా చేతులు వణికేవి. ఎవరి కంట్లో వేలు పెట్టేస్తానోనని ఒకటే భయం. నాలుగు రోజుల్లో మానేస్తానని అందరూ అనుకున్నారు. ఆయనొక్కడే రోజూ భోజనం మధ్యలో లేచొచ్చి నా పక్కన నిలబడేవాడు. ఆయనకి పాటంటే ప్రాణం. అందుకని."

సోఫాలో కూర్చుని, యాంప్లిఫయర్ పెట్టి, ముచ్చటగా మూడు స్వరాలు మీటింది. ముఖం వెలిగిపోయింది. నాలుగోది మీటబోతుండగా నాలోని నిపుణుడు నిద్రలేచాడు.

"ఆగు ఆగు! తీగలు చూశావా? తుప్పు పట్టాయి!"

అదీ ప్రారంభం.

పాఠకులారా, ఎలక్ట్రిక్ గిటారులో అసలు రహస్యం తీగల కింద ఉంటుంది. దాన్ని పికప్ అంటారు. అయస్కాంతం చుట్టూ సన్నటి తీగ చుట్టి చేస్తారు. పైన తీగ కాస్త కదిలితే చాలు, పసిగట్టి యాంప్లిఫయర్‌కు చేరవేస్తుంది. అచ్చం మా పక్క ఫ్లాట్ ఆవిడలాగే. అందుకని తీగ ఏ లోహంతో చేశారన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. ఈ ముక్క చదివాక నాకు నిద్ర పడుతుందా?

పాత తీగలు పీకేసి, ముందుగా నికెల్ పూత పూసిన స్టీలు తీగలు బిగించాను. ఎక్కువమంది వాడేవి అవే. మా ఆవిడ రెండు రోజులు వాయించి "బాగున్నాయండీ" అంది. నాకు గుండె గుభేలుమంది! అందరూ వాడేదే మనమూ వాడి, అదే బాగుందనుకుంటే ఇక లోకంలో నిపుణులెందుకు?

మూడో రోజు అవి ఊడదీసి అచ్చమైన నికెల్ చుట్టినవి వేశాను. శబ్దం మెత్తగా, వెచ్చగా, పాతకాలపు రేడియోలోంచి వచ్చినట్టుంది. ఎదురుగా కుర్చీ వేసుకుని అడిగాను. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

ఆవిడ నా వంక అదోలా చూసింది. "పొద్దున్నించీ నలభైమందిని ఇదే అడిగొచ్చానండీ. ఇంటికొచ్చాక నన్నొకరు అడగాలా?"

పరిశోధకులు ఇలాంటి మాటలకు కుంగిపోకూడదు. స్టెయిన్‌లెస్ స్టీలుకు వెళ్ళాను. ఆహా, ఏం మెరుపండీ ఆ శబ్దంలో! కంచం మీద చెంచా పడ్డట్టు ఖంగుమంటుంది. కాకపోతే గరుకు. వేలు జరిపినప్పుడల్లా నూనె లేని తలుపులా కిర్రుమనేది. ఆవిడ వేళ్ళు ఎర్రబడ్డాయి. వెంటనే కోబాల్ట్ కలిసినవి తెచ్చాను. వాటికి అయస్కాంతంతో స్నేహం ఎక్కువట. అదే చేతి బలానికి ఇంకాస్త గట్టిగా మోగాయి. పక్క ఫ్లాట్ ఆవిడ గోడ మీద తట్టి తన అభిప్రాయం చెప్పింది. తర్వాత పైన సన్నటి పొర ఉన్న కోటెడ్ తీగలు. చెమట అంటదు, త్వరగా పాడవ్వవు. "సబ్బు రాసినట్టు జారిపోతున్నాయండీ" అంది మా ఆవిడ.

ఇక్కడొక సాంకేతిక సమస్య చెప్పాలి. కొత్త తీగలు బిగించగానే కుదురుకోవు. రెండు రోజులు సాగుతూ, శ్రుతి తప్పుతూ ఉంటాయి. అవి కుదురుకునే వేళకు నా దగ్గర తర్వాతి రకం సిద్ధంగా ఉండేది. అందువల్ల మా ఆవిడ పని నుంచి వచ్చేసరికి తరచుగా గిటారు భోజనాల బల్ల మీద వెల్లకిలా, ఒక్క తీగ లేకుండా, ఆపరేషన్‌కు సిద్ధమైన రోగిలా పడుకుని ఉండేది.

"ఈ రోజన్నా ఇస్తారా?"

"రేపు. చివరి పరీక్ష."

ఈలోగా నా పేరు బయటికి పొక్కింది. ఇంటర్నెట్‌లో గిటారు ప్రియుల ఫోరంలో ప్రశ్నలకు జవాబులు రాయటం మొదలుపెట్టాను. ఐదో వారానికల్లా అక్కడ నన్ను గురువుగారూ అనసాగారు. తీగ లోపలి ఉక్కు గుండ్రంగా ఉండాలా, ఆరు పలకలుగా ఉండాలా అనే విషయం మీద పదకొండు పేజీల వ్యాసం రాశాను. ఇంతమందిలో ఒక్కరైనా "మీరు ఏ పాట వాయిస్తారు?" అని అడిగారా? అడగలేదు! పెద్దల మధ్య అలాంటి చిల్లర విషయాలు రావు.

ఆరో వారం నుంచి మా ఆవిడ గిటారు అడగటం మానేసింది. దుకాణం నుంచి రావటం కూడా కాస్త ఆలస్యమయ్యేది. పాపం, నా ఏకాగ్రత చెడగొట్టకూడదని కాబోలు అనుకున్నాను. ఒకసారి టీ కప్పు అందుకుంటూ ఆవిడ ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కట్టి ఉండటం గమనించాను. కోటెడ్ తీగల ప్రభావం వాటిని తీసేశాక కూడా చర్మం మీద నిలుస్తుందని ఆ రోజే ఫోరంలో ప్రకటించాను. పద్దెనిమిదిమంది మెచ్చుకున్నారు.

వీడ్కోలు రోజు రానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి సభ. ముందురోజు నేను కరెంటు అక్కర్లేని మామూలు గిటార్లకు వేసే కంచు తీగలు బిగించి ఉన్నాను. బంగారంలాంటి శబ్దం వస్తుందని నా సిద్ధాంతం. సన్నవి రెండూ ఉక్కువే కాబట్టి మోగాయి. కంచు చుట్టిన లావు తీగలు నాలుగూ నసిగాయి. కంచును అయస్కాంతం ఖాతరు చేయదని అప్పుడు తెలిసింది. మధ్యాహ్నం హడావుడిగా అన్నీ మారుస్తుంటే, అన్నిటికన్నా సన్నటి తీగ పుటుక్కున తెగి నా వేళ్ళను కోసేసింది.

మా ఆవిడ ముస్తాబై వచ్చి చూసింది. గిటారుకు ఐదే తీగలు. నా చేతి నిండా రక్తం. నన్ను కూర్చోబెట్టి, దూది పెట్టి, రెండు వేళ్ళకూ శ్రద్ధగా కట్టు కట్టింది.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి సంగతి వదిలెయ్. నీ పాట?"

"పర్లేదు లెండి. మీరు మెల్లగా రండి" అని వెళ్ళిపోయింది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే ధైర్యంగా ఉండేవాణ్ణి.

నేను వెళ్ళేసరికి దుకాణంలో బల్లలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. అక్షరాల చార్టు కింద కుర్చీలో పెద్దాయన కొత్త చొక్కాలో ఇబ్బందిగా కూర్చున్నాడు. ఆయన ఎదురుగా మా ఆవిడ. ఒడిలో రంగు వెలిసిన నీలం గిటారు!

వాయించింది. ఒకచోట తప్పింది. నవ్వి, వెనక్కెళ్ళి మళ్ళీ అందుకుంది. చేతులు వణకలేదు. పెద్దాయన కళ్ళజోడు తీసి, అద్దాలు తుడిచే గుడ్డతోనే కళ్ళు తుడుచుకున్నాడు. పాట అయ్యాక, "అమ్మాయ్, ఇంకోసారి" అన్నాడు. శబ్దం వెచ్చగా ఉందా, మెరుపుగా ఉందా అని ఆ గదిలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మొరటు జనం!

నిజం చెప్పొద్దూ, నాకూ రాలేదు.

యాంప్లిఫయర్ పక్కన జేబులో స్క్రూడ్రైవర్‌తో ఒకతను నిలబడి ఉన్నాడు. వెనక వీధిలో వాయిద్యాలు బాగుచేసే మెకానిక్ అట.

"ఎన్నాళ్ళుగా జరుగుతోంది ఇది?" అన్నాను.

"రెండు నెలలవుతోంది బావగారూ. అక్క రోజూ డ్యూటీ దిగాక మా కొట్లో అరగంట వాయించుకుని వెళ్తుంది."

"ఇవి ఏ తీగలు? నికెలా, స్టీలా?"

"ఏమో! ఈ గిటారు ఎవరో రిపేరుకిచ్చి మళ్ళీ రాలేదు. మోగుతున్నాయి కదా అని మార్చలేదు."

ఇంటికి నడుస్తూ మా ఆవిణ్ణి అడిగాను. "నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే దానికి కూడా తీగలు మారుస్తారని భయమేసిందండీ" అంది.

వీధి మలుపు తిరిగాక నాకు జవాబు దొరికింది. అదే ఈ వ్యాసం. తీగలు ఒకే రకం ఉండి ఉంటే ఏమయ్యేది? నేను మూడు నెలలూ ఆవిడ పక్కనే కూర్చుని ఉండేవాణ్ణి. వేలు అక్కడ కాదు ఇక్కడ, చెయ్యి అలా కాదు ఇలా అని చెబుతూనే ఉండేవాణ్ణి. పదో రోజున గిటారు అటకెక్కేది. ఆ పెద్దాయన పాట వినకుండానే ఇంటికి వెళ్ళేవాడు. నికెల్, స్టీలు, కోబాల్టు, కంచు అన్నీ కలిసి నన్ను భోజనాల బల్లకు కట్టిపడేసి ఆవిణ్ణి కాపాడాయి!

కాబట్టి అక్కచెల్లెళ్ళారా, మీకు ఏదైనా నేర్చుకోవాలని ఉంటే ఇంట్లో నిపుణుడితో వాదించకండి. గిటారు మీరు పట్టుకెళ్ళండి. తీగలు ఆయనకు వదిలేయండి.