రాణిగారి పరిశుభ్రత: అయిదు మార్కులు

అసలు పుస్తకం చదివే విద్యార్థిని కాలేజీ గేటు దగ్గరే ఆపెయ్యాలి!

కంగారు పడకండి. నేను చదువుకు శత్రువుని కాను. ఇరవై రెండేళ్లుగా డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ పాఠాలు చెబుతున్నవాణ్ణి. చదువుకు నావల్ల ఏదైనా కీడు జరిగి ఉంటే అది వృత్తిరీత్యా జరిగిందే తప్ప ద్వేషంతో చేసింది కాదు.

నేననేదల్లా ఒక్కటే. గైడు అనే మహాగ్రంథం చేతికందేంత దగ్గర్లో ఉండగా మూలగ్రంథం జోలికి పోవడం ఎందుకూ అని! మూలగ్రంథం అంటేనే మూలన ఉండాల్సిన గ్రంథం కదా? దాన్ని మూలనుంచి లాగితే దుమ్ము లేస్తుంది. తుమ్ములొస్తాయి. ఒక్కోసారి, నాకు వచ్చినట్టు, కన్నీళ్లు కూడా వస్తాయి.

మా సిలబస్‌లో ఒక విషాద నాటకం ఉంది. పేరు చెప్పను. చెబితే మీరు కొని చదువుతారేమోనని భయం. ఒక సేనాని, అతని ఆశపోతు భార్య, 'నువ్వు రాజువవుతావ్' అని దారికడ్డంపడి జోస్యం చెప్పే మంత్రగత్తెలు, ఆ మాట పట్టుకుని సేనాని రాజును చంపడం, ఆ తర్వాత మొగుడూ పెళ్లాలిద్దరూ కుమిలి కుమిలి చావడం. ఇదీ కథ.

ఇది మూలంలో చదవాలంటే అయిదు అంకాలు. నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లిష్. ఒక లైను చదివితే కింద ఫుట్‌నోట్ మూడు లైన్లు. అదే గైడులో? 'సేనాని కుమిలిపోవు లక్షణములు: ఆరు'. అంతే! కుమిలిపోయేవాడికే తెలియదు పాపం, తన లక్షణాలు లెక్కకి ఆరని. ఇంత స్పష్టత ఏ మహాకవి ఇవ్వగలడండీ?

ఇక జోస్యం సంగతి. నాటకంలో మంత్రగత్తెలు చెప్పినవి నిజమవుతాయి గానీ తిరకాసుగా నిజమవుతాయి. అడవి నడిచొచ్చేదాకా నీకు ఓటమి లేదంటారు, తీరా చూస్తే శత్రువులు చెట్టుకొమ్మలు అడ్డం పెట్టుకుని నడిచొస్తారు. గైడులో తిరకాసు ఉండదు. చివరి పేజీలో 'ఈ ఏడు తప్పక వచ్చు ప్రశ్నలు' అని పదిహేను ఉంటాయి. అందులో పన్నెండు ఏటా వస్తాయి. ఇంత దివ్యదృష్టి ఎలా సాధ్యం అంటారా? పేపరు సెట్ చేసేవాడి దగ్గర కూడా ఆ గైడే ఉంటుంది మరి!

గైడు ఉంటే ఎవరూ గాడి తప్పరు. రాసినవాడు గాడిదైనా సరే.

ఈ మాట ఇంత ధైర్యంగా ఎలా అంటున్నానంటే, ఆ గైడు రాసింది నేనే.

'రాసింది' అన్న మాట కొంచెం పెద్దది. నాకు ముందు ఈ పాఠం చెప్పిన పెద్ద మాస్టారు రిటైరవుతూ తన నోట్సు నా చేతిలో పెట్టారు. నేను దాన్ని శుభ్రంగా ఎత్తి రాశాను. ఒక్కచోట మాత్రం చిక్కొచ్చింది. పధ్నాలుగో పేజీ లేదు. పెద్ద మాస్టారిని అడిగితే, "బస్సులో సీటు తడిగా ఉంటే చింపి తుడిచానోయ్" అన్నారు. పదమూడో పేజీలో సేనాని యుద్ధం గెలిచాడు. పదిహేనో పేజీ తెరిచేసరికి సింహాసనం మీద కూర్చున్నాడు. మరి మధ్యలో పాత రాజు ఏమైనట్టు? ఎక్కడ, ఎలా చచ్చినట్టు?

లైబ్రరీకి వెళ్లి మూలం చూస్తే తెలిసేదే. లైబ్రరీ రెండో అంతస్తులో ఉంది. అప్పట్లో నాకు మోకాళ్ల నొప్పులు లేవు గానీ, మెట్లు ఉన్నాయి.

అందుకని నేనే ఒక వాక్యం సృష్టించాను. 'యుద్ధభూమిలో, పోరు హోరులో, సేనాని వెనకనుంచి వచ్చి రాజును పొడిచి సింహాసనమెక్కెను.' నూట ఇరవై పేజీల ఆ గైడులో నా సొంత వాక్యం అదొక్కటే. మిగతా అంతా కాపీ. కాబట్టి మిగతా అంతా ఒప్పు.

ఒకసారి ఒక కుర్రాడు క్లాసులో లేచి, "సార్, రాజు యుద్ధంలో పోయాడు కదా. మరి సేనాని భార్య, అదే కొత్త రాణిగారు, ఇంట్లో కూర్చుని, నిద్రలో కూడా లేచి, అస్తమానం చేతులెందుకు కడుక్కుంటున్నారు సార్?" అనడిగాడు.

నేను తడబడలేదు. తడబడితే లెక్చరర్ ఎలా అవుతాడు?

"పరిశుభ్రత" అన్నాను.

తర్వాతి ఎడిషన్‌లో దాన్ని షార్ట్ నోట్‌గా చేర్చాను. 'రాణిగారి పరిశుభ్రత: అయిదు మార్కులు.' చేతులు కడుగుటవలన రోగములు దరిచేరవు. పాలించువారు పాలితులకు ఆదర్శముగా నుండవలెను. ఇలా ఓ పది లైన్లు. ఇప్పటికి తొమ్మిదిసార్లు పరీక్షలో వచ్చింది!

ఇంత సేవ చేసినందుకు ఫలితం దక్కకుండా ఉంటుందా? నిరుడు నన్ను చీఫ్ ఎగ్జామినర్‌ని చేశారు. పేపర్లు దిద్దే లెక్చరర్లందరికీ జవాబుల 'కీ' తయారుచేసి ఇచ్చేవాడన్నమాట. కీ నా చేతిలో ఉంది. తలుపు మాత్రం నేనెప్పుడూ తీసి చూడలేదు. నాటకంలో సేనాని కుర్చీ కోసం హత్య చేశాడు. నేను ఏ హత్యా చెయ్యకుండానే కుర్చీ ఎక్కానని తెగ మురిసిపోయాను.

ఆ మురిపెం మూడు నెలల ముచ్చటే అయింది. స్టాఫ్‌రూమ్‌కి ఒక అమ్మాయి వచ్చింది. ఫైనలియర్. పొద్దున పూట వాళ్ల నాన్న లాండ్రీలో బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాత క్లాసుకొచ్చే పిల్ల. చేతిలో తన జవాబుపత్రం జిరాక్సు, లైబ్రరీ పుస్తకం.

"సార్, నేను ఇంగ్లిష్‌లో ఫెయిలయ్యాను. నలభైకి పాసు, నాకు ముప్పై మూడొచ్చాయి. టీచర్ ట్రైనింగ్‌లో సీటొచ్చింది సార్. ఇరవయ్యో తారీకులోగా పాసైనట్టు మార్కుల లిస్టు ఇవ్వకపోతే సీటు వేరేవాళ్లకి ఇచ్చేస్తారంట."

జిరాక్సు చూశాను. నా ఎర్ర సిరాయే. చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పేపర్లు స్వయంగా దిద్దాలి. నా అదృష్టం కొద్దీ ఆ కొన్నిట్లో ఇదొకటి. రాజు తన సేనాని ఇంటికి అతిథిగా వచ్చి, అతణ్ణి నమ్మి నిద్రపోతుంటే ఆ నిద్రలోనే చంపేశారని ఆ అమ్మాయి రాసింది. దాని చుట్టూ నేను సున్నా చుట్టాను. పక్కన మార్జిన్‌లో, రెండు ఆశ్చర్యార్థకాలతో, నా చేత్తో నేనే రాశాను: 'మూలగ్రంథం చదవండి!!'

"మీరు రాశారని మళ్లీ చదివాను సార్" అంది ఆ అమ్మాయి, ఎక్కడా వెటకారం లేకుండా. "పరీక్షకి ముందు రెండుసార్లు చదివాను. మీరన్నారని మూడోసారి కూడా చదివాను. మూడోసారి కూడా రాజుగారు ఇంట్లోనే పోయారు సార్."

పక్క టేబుల్ దగ్గర లెక్కల లెక్చరర్ టీ తాగడం ఆపేశాడు.

"ఏ ఎడిషనమ్మా?" అన్నాను. ఏమీ తెలియనప్పుడు ఈ ప్రశ్న బాగా పనికొస్తుంది.

"మన లైబ్రరీదే సార్."

"అచ్చుతప్పు అయ్యుంటుంది."

"ఒక అంకం మొత్తం అచ్చుతప్పా సార్?"

లెక్కల లెక్చరర్‌కి పొలమారింది. మళ్లీ టీ మొదలుపెట్టినట్టున్నాడు.

షార్ట్ నోట్‌కి కూడా సున్నాయే వేశాను. రాణిగారి పరిశుభ్రత గురించి రాయమంటే ఆ పిల్ల రాసింది ఇది: 'ఇది పరిశుభ్రత కాదు. భయం.' అదెలాగని అడిగాను.

"మరకల సంగతి నాకు తెలుసు సార్. మా షాపులో రోజూ అదే పని. కనపడే మరకైతే సబ్బు పెడితే ఇవాళ కాకపోతే రేపు పోద్ది. ఈవిడకి ఎదురుగా మరకే లేదు, అయినా రుద్దుతోంది. అంటే మరక చేతిమీద లేదు సార్, లోపలెక్కడో ఉంది."

ఇరవై రెండేళ్లలో ఆ నాటకం గురించి నేను విన్న మొదటి పాఠం అదే. అదీ నిలబడి విన్నాను. ఎప్పుడు లేచానో తెలియదు.

పుస్తకం ఇచ్చి వెళ్లమన్నాను. వెనక అట్ట లోపల, తీసుకున్నవాళ్ల పేర్లు రాసే చీటీ అంటించి ఉంది. ఇరవై రెండేళ్లలో ఒకటే పేరు. అది నాది కాదు.

ఆదివారం మధ్యాహ్నం కూర్చుని పైకి చదివాను. మా ఆవిడ బట్టలు మడతపెడుతూ విన్నది. ఆవిడ ఆసుపత్రి మందుల కౌంటర్‌లో ఫార్మసిస్ట్. రెండో అంకంలో రాజు నిద్రలో చచ్చాడు. ఎటు తిప్పి చదివినా చచ్చాడు. జరిగింది మా ఆవిడకి చెప్పాను.

"ఏవండీ, మందు సీసా మీద నేనో లేబులు తప్పు అంటిస్తే మర్నాడు నా ఉద్యోగం ఉండదు. మీరు ఇరవై రెండేళ్లు తప్పు లేబుళ్లంటిస్తే చీఫ్ ఎగ్జామినర్‌ని చేశారా?"

"ఇది సాహిత్యం. ఇందులో తప్పు జరిగితే ఎవరూ చావరు."

"రాజు చచ్చాడుగా!"

"అది కాదు..."

"ఆ పిల్ల సీటు పోతుందా, పోదా? అది చెప్పండి."

"పోతుంది."

"అయితే తప్పు నాదేనని కాయితం రాసివ్వండి."

"రాస్తే నా కుర్చీ పోతుందే!"

"నాటకంలో ఆవిడ మొగుణ్ణి కుర్చీ ఎక్కించింది. నేను దింపుతున్నా. ఆవిడకంటే నేనే నయం కదా, రాయండి."

రాశాను. 'రాజు యుద్ధభూమిలో మరణించలేదు. గైడులోని వాక్యం నా కల్పన. కీలో తప్పు నాది.' మూడు వాక్యాలు. మూడూ సొంతవే! వాటిలో తప్పేదీ దొరక్కపోవడం నాకే వింతగా అనిపించింది.

పద్దెనిమిదో తారీకున పరీక్షల కమిటీ కూర్చుంది. కంట్రోలర్‌గారు లెక్కలు తీయించారు. మూడు వేల నూట పన్నెండు మంది రాజును యుద్ధంలో చంపారు. ఒకే ఒక్కరు ఇంట్లో చంపారు.

"మెజారిటీ యుద్ధం వైపే ఉంది కదండీ?" అన్నారాయన.

"అవునండీ. కానీ రచయిత మైనారిటీ వైపున్నాడు" అన్నాను.

గంటన్నర చర్చ జరిగింది. చివరికి మూడు తీర్మానాలు చేశారు. ఒకటి: రాజు ఎక్కడ మరణించినను మార్కులు ఇవ్వవలెను. ఆ అమ్మాయి పాసైంది. పంతొమ్మిదో తారీకున లిస్టు చేతికొచ్చింది. సీటు దక్కింది. ఇక్కడ మీరు చప్పట్లు కొట్టొచ్చు.

రెండు: తప్పు ఒప్పుకున్న నా నిజాయితీకి మెచ్చి నన్నే చీఫ్ ఎగ్జామినర్‌గా కొనసాగించారు. ఇక్కడ చప్పట్లు ఆపొచ్చు.

మూడు: ఇటువంటి గందరగోళం ఇకముందు తలెత్తకుండా, వచ్చే ఏడాది నుంచి మూలగ్రంథాన్ని సిలబస్‌లోంచి తొలగించి, గైడునే పాఠ్యగ్రంథంగా నిర్ణయించారు!

చూశారా గైడు మహిమ! తప్పని తేలిన మరుక్షణమే అది మూలం అయికూర్చుంది. ఏ మంత్రగత్తే జోస్యం చెప్పకుండానే సింహాసనం ఎక్కింది. దాన్ని దింపే వీరుడు ఏ అడవి నడిచొస్తే వస్తాడో నాకు తెలియదు.

వెళ్లేముందు ఆ అమ్మాయి థాంక్స్ చెప్పడానికి వచ్చింది. నా దగ్గర్నుంచి తీసుకెళ్లిన పుస్తకం లైబ్రరీకి తిరిగిచ్చేశానంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"సార్, మరి వచ్చే ఏడు రాజుగారు ఎక్కడ పోతారు?"



మర్నాడు క్లాసుకు వెళ్లాను. మధ్యాహ్నం రెండు గంటల పీరియడ్. గైడు తెరిచాను. ఎప్పటిలాగే వెనక మూడు బెంచీలూ హాయిగా నిద్రపోతున్నాయి. ఇరవై రెండేళ్లుగా చూస్తున్న దృశ్యమే. కానీ ఆ రోజు మాత్రం గైడు చేత్తో పట్టుకుని ఆ బెంచీల దాకా నడిచాను. నమ్మి నా గదికి వచ్చినవాళ్లు. నిద్రపోతున్నారు. నా చేతిలో ఏముందో వాళ్లకు తెలియదు.

యుద్ధభూమి ఎక్కడండీ ఇందులో?

కాబట్టి పాఠక మహాశయులారా, మళ్లీ చెబుతున్నాను. మూలం చదవకండి. గైడు చదవండి. సుఖంగా ఉంటారు. నేను ఇన్నేళ్లూ ఎంత సుఖంగా ఉన్నానని!

ఇంటికెళ్లి కొళాయి తిప్పాను. వేళ్లకి పేపర్లు దిద్దిన ఎర్ర సిరా. చాలాసేపే రుద్దినట్టున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

"ఎంతసేపండీ ఆ చేతులు కడగడం? ఏమైంది?"

"ఏంలేదే" అన్నాను. "పరిశుభ్రత."