రాజీనామా మీద రాజీ

మా నీటి పంపుల కంపెనీలో గిడ్డంగి అధికారి ఉద్యోగానికి గత ఆదివారం అమ్మాన్‌లో జరిగిన ఇంటర్వ్యూ సర్వవిధాలా నిష్పక్షపాతంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నా మాట నమ్మవచ్చు. ముగ్గురు సభ్యుల కమిటీలో మూడోవాణ్ణి నేనే.

అభ్యర్థి పేరు సుహైబ్. పదకొండేళ్లు ఫ్యాక్స్ యంత్రాల విడిభాగాల కంపెనీలో పనిచేశాడు. ఇది అతనికి ఆరో ఇంటర్వ్యూ. ఇదీ తప్పిపోతే మామగారి రొట్టెల కొట్లో కూర్చోవాలి. ఆ మామగారు పిండితోపాటు అల్లుణ్ణి కూడా పిసుకుతారని పేటంతటికీ తెలుసు.

మా అధ్యక్షులు అబూ గాలిబ్ గారు ఆనవాయితీ ప్రకారం మొదటి నలభై నిమిషాలు అర్హతలు పరిశీలించారు. అంటే, తండ్రి ఎవరు, తల్లి ఎవరింటి ఆడపడుచు, కరక్ ఊళ్లో ఉన్న పళ్ల డాక్టరు ఏమవుతాడు. పళ్ల డాక్టరు ఏమీ కాడని తేలింది. అర్హతల్లో అదొక్కటే లోటు.

"అనుభవం ఉందా?" అన్నాడు రెండో సభ్యుడు.

"అనుభవిస్తూనే ఉన్నానండీ."

మనిషి నాకు నచ్చాడు. అప్పుడు నేను, కాగితంలో రాసి ఉంది గనక, "పాత ఉద్యోగం ఎందుకు మానేశారు?" అని అడిగాను.

"అదేనండీ, మా కంపెనీ..." అని అతను నోరు తెరిచాడో లేదో, తలుపు తెరుచుకుంది.

పదకొండుమంది పెద్దమనుషులు లోపలికొచ్చారు. ముందు షేక్ మిస్లిహ్ గారు, వెనక సుహైబ్ పాత యజమాని అబూ తాయిహ్. జాహా వచ్చిందన్నమాట. పిల్లనడగాలన్నా, పగ చల్లార్చాలన్నా మా పెద్దలు ఇలాగే కట్టగట్టుకుని వస్తారు. ముందు పెట్టిన కాఫీ ముట్టరు. అడిగింది ఇస్తామంటేనే తాగుతారు. ఇవ్వకపోతే కాఫీ చల్లారుతుంది. ఇంటాయన పరువు అంతకంటే ముందే చల్లారుతుంది.

కుర్చీలు చాల్లేదు. సుహైబ్ లేచి తన కుర్చీ ఇచ్చాడు. ఏలకుల కాఫీ వచ్చింది, పధ్నాలుగు కప్పులు: వాళ్లకు పదకొండు, మాకు మూడు.

షేక్ గారు గొంతు సవరించుకున్నారు. "అబూ గాలిబ్! మీ ఇల్లు చల్లగా ఉండాలి. ఈ పిల్లాడు మావాడు. మావాడు మమ్మల్ని మానేశాడని పరాయి గదిలో కాగితం మీద రాసుకుంటే మా మానం ఏం కావాలి? ఉద్యోగం మానొచ్చు గానీ మానం మానతామా? రాజీనామా అంటారు, అందులో మొదటి ముక్కే రాజీ! మావాణ్ణి మాకిచ్చేస్తేనే ఈ కాఫీ."

"పెద్దాయనా, ఒక్క మాట..." అన్నాడు సుహైబ్.

"నువ్వుండు నాయనా. నీ గురించే మాట్లాడుతున్నాం."

అబూ గాలిబ్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "గిడ్డంగి అధికారి ఏపాటి, షేక్ గారూ! గిడ్డంగే అడగండి, ఇస్తాను! తాగండి. మీవాడు మీకే!"

పధ్నాలుగు కప్పులూ ఒక్కసారి లేచాయి. రెండో సభ్యుడు కళ్లు తుడుచుకున్నాడు. అబూ తాయిహ్ సుహైబ్ బుగ్గలు రెండూ ముద్దుపెట్టుకున్నాడు.

"వెర్రినాగన్నా, మా మీద ఇంత అలకా? రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్."

"ఎక్కడికండీ?"

"ఎక్కడికేమిట్రా, కంపెనీకి!"

"కంపెనీ మూసేశారు కదండీ. తాళం మీరే వేశారు, బోర్డు నేనే దించాను. అందుకే మానేశాను. ఇందాకట్నుంచి అదే చెప్పబోతున్నాను."

అబూ తాయిహ్ గడ్డం నిమురుకున్నాడు. "నిజమే. రంజాన్‌కి ముందే మూసేశాం. నువ్విక్కడికొచ్చావని తెలిసిన హడావిడిలో గుర్తు రాలేదు."

"అయితే ఏం? మూతబడ్డ కంపెనీకి మాత్రం పరువుండదా?" అన్నారు షేక్ గారు. అందరూ తలలూపారు.

సుహైబ్ మా అధ్యక్షుల వైపు తిరిగాడు. "అయ్యా, మరి ఈ ఉద్యోగం..."

ఆయన ఖాళీ కప్పుల వైపు దిగులుగా చూశారు. "తాగేశారు కదా నాయనా. మాటిచ్చేశాను."

సుహైబ్ నమస్కరించి, మామగారి కొట్టు తెరిచే ఉంటుందని చెప్పి, వెళ్లిపోయాడు. నివేదిక రాయడం నా వంతు. "మానేయడానికి కారణం" అన్న గడి చాలా చిన్నది. అందులో "పరువు" అని రాశాను, సరిగ్గా పట్టింది.

సుహైబ్‌కు కాఫీ ఇవ్వలేదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. కప్పులు లెక్కపెట్టి మరీ చెప్పాను కదా, మీరైనా అడగకపోయారా?