డాబా దిగిన ఓడ

ఆ రోజుకి కీర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం భర్త సన్నీ ఇంటికొచ్చేసరికి డాబా మీది నల్ల ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు చుట్టూ థర్మాకోల్‌తో చేసిన ఓడ ఒకటి కనబడాలి. అంతే. మధ్యాహ్నానికల్లా పని అయిపోతుందనీ, తలంటుకుని నీలం చీర కట్టుకుని తాపీగా గుమ్మంలో నిలబడవచ్చనీ అనుకుంది.

సన్నీ విహార నౌకలో ఉద్యోగం చేస్తాడు. పెళ్లయి నెల తిరక్కుండానే ఓడెక్కేశాడు. అప్పటినుంచీ వాళ్ల కాపురమంతా ఆదివారాల్లో, ఫోనులో, నెట్టు దయ ఉన్నంతసేపే. మొదటి ఆదివారం "తిన్నావా?" అంటే "ఆయ్, మీరు తిన్నారా?" అనుకున్నాక ఇద్దరికీ మాటలైపోయాయి. ఆ నిశ్శబ్దం భరించలేక కీర్తి, "మీ ఓడ ఏ రకం అండీ?" అని అడిగింది. సన్నీ, "వచ్చేవారం చెబుతాలే" అన్నాడు.

వచ్చేవారం ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. లైనరంటే ఏమిటో, విహార నౌకంటే ఏమిటో, రెండూ ఎందుకు ఒకటి కాదో అన్నీ విడమరచి చెప్పాడు. కీర్తికి ప్రాణం లేచివచ్చింది. ఈయనకి ఓడలంటే పిచ్చి అన్నమాట! ఇక వదల్లేదు. ఎమ్మెస్సీ పరీక్షలకి కూడా అంత దీక్షగా చదవలేదు. ప్రతి ఆదివారానికీ ఒక కొత్త ప్రశ్న సిద్ధం చేసుకునేది. మూడంతస్తుల నిండా ఫిరంగులు బారులు తీరిన తెరచాపల యుద్ధనౌకలు, వాటి ముందు చురుగ్గా పరిగెత్తే ఫ్రిగేట్లు, తేయాకు మోసిన క్లిప్పర్లు, ఆవిరి ఓడలు, నాలుగు పొగగొట్టాల లైనర్లు. కొత్త దంపతులు సరాగాలాడుకోవలసిన కాలంలో వాళ్లిద్దరూ నౌకాచరిత్ర మొత్తం ఈదేశారు.

ఇప్పుడు ఆమె బెంగ ఒక్కటే. ఓడలన్నీ అయిపోవచ్చాయి. సాయంత్రం మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటే ఏం మాట్లాడాలి? సిగ్నల్ పోయిందని తప్పించుకోవడానికి కూడా ఉండదు. అందుకే ఈ థర్మాకోల్ ఓడ. దాన్ని చూడగానే ఆయన మొహం వెలిగిపోతుంది. తర్వాత మాటలు వాటంతటవే వస్తాయి.

పెళ్లి స్టేజీలూ, క్రిస్మస్‌కి పశువుల పాకలూ కట్టే ఏలీయా పొద్దున్నే వెదురుబద్దలతో దిగాడు.

"ఓడేనాండీ? ఎంతపనండీ! మా చర్చిలో నోవహు ఓడ కట్టింది నేనేనండి. జిరాఫీ మెడ బయటికొచ్చేలా పెట్టేను."

"జిరాఫీ వద్దు ఏలీయా. తెల్లగా, పొడుగ్గా, వరసగా కిటికీలుండాలి. ప్యాసింజరు ఓడ."

"ఆయ్. అలాగేనండి" అన్నాడు ఏలీయా, కాస్త చిన్నబుచ్చుకుని.

అప్పుడే మావగారు ప్రకాశరావు కాఫీ గ్లాసుతో డాబా ఎక్కారు. సోషల్ మాస్టారుగా రిటైరైన మనిషి. కీర్తి కాగితం మీద గీసిన ఓడ బొమ్మ చూసి పెదవి విరిచారు.

"తెరచాప ఏదమ్మా? తెరచాప లేకపోతే అది ఓడెలా అవుద్ది? బస్సు అవుద్ది."

"ఇప్పటి ఓడలకి ఉండవండి మావయ్యగారూ."

"ఇప్పటివాటి సంగతి వదిలేయ్. ఏలీయా, మూడు స్తంభాలు నిలబెట్టు. బీరువాలో కొత్త దుప్పట్లున్నాయి, నేను తెస్తాను. పక్కల్లోంచి ఫిరంగులు కూడా రావాలి. ప్లంబరు మిగిల్చిన పైపు ముక్కలున్నాయి కదా."

"ఫిరంగులు పెడితే యుద్ధనౌక అయిపోద్దండి. ప్యాసింజర్లు ఎవరెక్కుతారండీ?"

"ధైర్యవంతులు ఎక్కుతారు" అని ఆయన దుప్పట్ల కోసం దిగిపోయారు.

కాదంటే కొత్తకోడలు ఎదురు చెప్పిందంటారు. కీర్తి స్తంభాలకి చోటు చూపించింది. ఇంతలో అత్తగారు కాంతమ్మ పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కల పళ్లెం పట్టుకుని పైకొచ్చారు.

"మావాడు పనిచేసేదాన్ని ఏదో అంటారు కదే, విహార నౌకా? అంటే ఏంటసలు?"

"ఊళ్లన్నీ తిప్పి మళ్లీ ఎక్కినచోటే దించుద్దండి అత్తయ్యగారూ. లైనరైతే ఒక రేవులో ఎక్కించుకుని ఇంకో రేవులో దించుద్ది."

"ఎక్కినచోటే దించేదానికి ఎక్కడం దేనికే? లైనరే కట్టించు. మనవాడు ఎక్కడికో అక్కడికి చేరాలి కదా."

"లైనరుకి పొగగొట్టాలు ఉండాలండి."

"నాలుగు ఎర్ర బకెట్లున్నాయి. బోర్లించు."

భోజనాల వేళకి కింద యుద్ధనౌక, మధ్యలో క్లిప్పరు, పైన లైనరు తయారయ్యాయి. మూడువందల ఏళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కాంతమ్మగారి కోడిపెట్ట ఫిరంగుల అంతస్తులో దూరి, నచ్చిందన్నట్టు రెక్కలు ముడుచుకుంది.

"చిన్న ఇబ్బందండీ" అన్నాడు ఏలీయా చెమట తుడుచుకుంటూ. "ఓడ పెరిగిపోయిందండి. ట్యాంకు చుట్టూ చోటు చాల్లేదండి. అందుకని పక్కన పెట్టేను. అన్నం తినొచ్చి తాళ్లతో బిగించేస్తాను."

పక్కన అంటే ఇంటిని ఆనుకున్న కాలువ వైపు. ఆ వైపు పిట్టగోడ ఇంకా కట్టలేదు.

ఏలీయా విస్తరి ముందు కూర్చున్నాడో లేదో, ప్రకాశరావుగారికి చుట్టిపెట్టిన తెరచాపలు విప్పి చూడాలనిపించింది. "ఒక్కసారమ్మా, ఒక్కసారి చూసి కట్టేద్దాం" అంటూ ముడి లాగారు. సరిగ్గా అప్పుడే సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. మూడు దుప్పట్లూ పొట్ట ఉబ్బించాయి. ఓడ కదిలింది.

"మావయ్యగారూ, లాగండి!"

"ఏది లాగాలమ్మా?"

ఆ ప్రశ్నకి జవాబు దొరికేలోగా ఓడ డాబా అంచు దాటి, కింద ఉన్న తాటాకు పాక మీదికి జారి, అక్కడినుంచి మెల్లగా కాలువలో దిగింది. ఒరగలేదు, తిరగబడలేదు. పెద్దమనిషి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంది. ఎంగిలి చేత్తోనే పరిగెత్తుకొచ్చిన ఏలీయా, "తేలిందండీ!" అన్నాడు. అతని గొంతులో ఏ కోశానా విచారం లేదు.

గాలీ, నీటివాలూ ఒకే వైపు. ఓడ ఊరి సెంటర్‌లోని వంతెన వైపు బయల్దేరింది. కీర్తి కిటికీలకి నీలం రంగు వేసిన చేతులతోనే స్కూటీ తీసింది. వెనక కాంతమ్మగారు ఎక్కి, "నా కోడి! నా బకెట్లు!" అంటూ గట్టు పొడుగునా కేకలు పెట్టారు. బట్టలుతుకుతున్న ఒకావిడ ఏ దేవుడి ఊరేగింపో అనుకుని దణ్ణం పెట్టింది. సినిమా షూటింగనుకుని ఇద్దరు జుట్టు సర్దుకున్నారు. మరొకాయన వీడియో తీసి, "ప్రకాశరావు మాస్టారింటి ఓడ కొట్టుకుపోతోంది" అని ఊరి గ్రూపులో పెట్టాడు. దాన్ని పంపినవాళ్లు "ఓడలో మాస్టారింటివాళ్లు ఉన్నారంట" అని కలిపారు. వాళ్ల దగ్గర అందుకున్నవాళ్లు, "కొత్తకోడలు ఒక్కతే లోపల చిక్కుకుపోయిందంట, ప్రార్థన చెయ్యండి" అని పూర్తిచేశారు.

అనుకున్నదానికంటే ముందే దిగి, కొత్తపేట దాటి ఆటోలో వస్తున్న సన్నీ ఫోనుకి ఆ వీడియో ఈ మాటతోనే అందింది. కీర్తికి ఫోన్ చేశాడు. ఆ ఫోను డాబా మీద థర్మాకోల్ ముక్కల మధ్య మోగి మోగి ఆగిపోయింది.

కీర్తి సెంటర్ చేరేసరికి వంతెన నిండా జనం. ఓడ వంతెన దగ్గరికొచ్చింది. పైనుంచి ఎవరో బూట్లతో, కోటుతో, మెడలో వేసుకున్న సంచీతో సహా దూకారు. లేచి చూస్తే నీళ్లు రొమ్ము దాకానే. ఆ మనిషి ఓడని కావలించుకుని, "కీర్తీ! కీర్తీ!" అని అరుస్తూ కిటికీలు రెండు చేతులా పీకేస్తున్నాడు. పొగగొట్టాలు ఒకటొకటే నీళ్లలో పడ్డాయి. తెరచాప వచ్చి అతని నెత్తిమీద కూలింది.

 కీర్తి గట్టు దిగి, "ఏవండీ, నేనిక్కడున్నానండి" అంది.

దుప్పటి కింద నుంచి తల బయటికొచ్చింది. "నువ్వు లోపల లేవా?"

"నేనెందుకుంటానండీ?"

లోపలి నుంచి కోడిపెట్ట మాత్రం బయటికొచ్చి, అతని భుజం ఎక్కి, గట్టు మీదికి ఎగిరింది. వంతెన మీద జనం చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, ఇద్దరూ కాలువ మెట్ల మీద కూర్చున్నారు. కీర్తి కళ్లనిండా నీళ్లు. నీలం రంగు మోచేతుల దాకా అంటుకుని ఉంది.

"పాడైపోయిందండి. ఓడలంటే మీకు ప్రాణమని, పొద్దుటినుంచీ కట్టించేను."

"నాకా?" అన్నాడు సన్నీ, తల తుడుచుకుంటున్న తువ్వాలు ఆపి. "ఓడలంటే నాకేంటి?"

"మరి ప్రతి ఆదివారం అన్నేసి చెప్పేవారు కదండీ?"

"నువ్వు అడిగేదానివి కదా! నేను లాండ్రీలో పనిచేస్తానే కీర్తీ. నీళ్లకి కింద అంతస్తు. కిటికీ కూడా ఉండదు. మా ఓడని బయటినుంచి చూసింది ఎక్కిన రోజొక్కటే. నీకు ఓడలంటే పిచ్చనుకున్నాను. డ్యూటీ దిగి, ఇంజనురూమువాళ్లని బతిమాలుకుని నేర్చుకునేవాణ్ణి. ఫ్రిగేటు అంటే ఏంటో తెలుసుకోవడానికి నెలకి సరిపడా నెట్టు అయిపోయింది."

కీర్తి రంగు చేత్తోనే నుదురు కొట్టుకుంది. "నాకు రేవు దాటించే పంటు పడవ ఎక్కితేనే కళ్లు తిరుగుతాయండి."

సన్నీ ఆమె వైపు చూశాడు. ఆమె అతని వైపు చూసింది. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, గేదెలు తోలుకెళ్తున్న మనిషి ఆగి మరీ చూశాడు.

"అయితే నీకేం ఇష్టం?" అన్నాడు సన్నీ, నవ్వు ఆపుకుంటూ.

ఈ ప్రశ్నకి కీర్తి జవాబు తయారుచేసుకోలేదు.  తోచిందేదో చెప్పడం మొదలుపెట్టింది.

కాంతమ్మగారు మూడుసార్లు భోజనానికి పిలిచి, నాలుగోసారి తను తినేశారు.